సొరనూనె పట్టిన తీగలు

ఎల్లాజీ చేతులు వలలు అల్లడానికే పుట్టాయని జాలరిపేటలో అందరూ అనుకున్నారు. తీరా చూస్తే అతనికి పియానో పిచ్చి పట్టుకుంది. పియానోలు బాగుచేయడానికి ఏడాదికోసారి కలకత్తా నుంచి వచ్చే ముసలి మేస్త్రీ పెట్టె మోస్తూ, పదేళ్ళు పక్కన నిలబడి పనంతా పట్టేశాడు. మేస్త్రీ పోయాక, 1999 నాటికి, విశాఖలో పియానో మొరాయిస్తే పిలవడానికి ఇతనొక్కడే మిగిలాడు. సంగీతం పాఠాలు చెప్పే తాయారు టీచరు "మా ఎల్లాజీ ఉన్నాడుగా" అని ఊరందరికీ పూచీ పడింది. ఆవిడ మాట పోకూడదన్నదే అతని బెంగ.

ఆ రోజు బీచి రోడ్డులోని ఒక క్లబ్బులో సాయంత్రం ఆరింటికి కచేరీ. మూడింటికి సెక్రటరీ రమణమూర్తి ఎల్లాజీని పిలిపించి, పెద్ద పియానో మీద ఒక మెట్టు నొక్కి వేలు తీశాడు. స్వరం ఆగలేదు. జుయ్‌మంటూనే ఉంది.

"ఏమిటయ్యా ఈ ఈగల మోత? ఆరింటికల్లా పోవాలి. లేదంటే రేపే మద్రాసు మనిషిని పిలుస్తాను. టీచరుగారి మాట మీద నిన్ను పెట్టుకున్నాం మరి!"

"ఎంతసేపు బాబూ, సూత్తాను," అన్నాడు ఎల్లాజీ, పెట్టె విప్పుతూ.

మర మేకులు బిగించాడు. తీగల కొసల మధ్య, ఊరికే మోగే చోట, ఫెల్టు అనే ఉన్నిగుడ్డ పట్టీని వల అల్లినట్టు అల్లాడు. మోత తగ్గలేదు. నాలుగున్నర అయింది, చొక్కా తడిసిపోయింది. చివరికి మోగుతున్న లావు తీగ మీద వేలు పెట్టాడు. టక్కున ఆగింది. అంటే తీగలో తప్పు లేదు, దాని మీద పడి మోత ఆపాల్సిన ఫెల్టు దిమ్మ ఆపడం లేదు. దిమ్మను తడిమాడు. అట్టలా గట్టిపడి ఉంది. వేలు వాసన చూసుకున్నాడు.

"ఓరి బాబోయ్, ఏటి సేసీసినాను!"

మూడు నెలల కిందట ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టకుండా సొరనూనె, అంటే సొరచేప నూనె, పూసింది ఇతనే. పేటలో పడవలకు అదే పూస్తారు కదా! వాసన రాకుండా కర్పూరం కూడా కలిపాడు, మహానుభావుడు. ఆ నూనె లావు తీగలకున్న రాగి చుట్టల్లో నిలిచి ఫెల్టుకు పట్టేసింది.

గుడ్డకు పెట్రోలు అద్ది తీగలు తుడిచాడు. లావు తీగల మీది ఇరవై రెండు దిమ్మలనూ పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, మెత్తబడేదాకా సూదితో పొడిచాడు. తొందరలో రెండుసార్లు వేలికే గుచ్చుకున్నాడు. ఆరింటికి పావుగంట ఉందనగా రమణమూర్తి వచ్చి మెట్టు నొక్కి, వేలు తీశాడు. నిశ్శబ్దం.

"శభాష్! ఇంతకీ దోషం ఎక్కడ?"

సముద్రపు గాలి అనేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కచేరీకని వచ్చిన తాయారు టీచరు గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ ముందు అబద్ధం పెగల్లేదు.

"గాలీ లేదు, ఏటీ లేదు బాబూ. నాను సొరనూనె పూసీసినాను. దానివల్లే."

రమణమూర్తి మొహం ఎర్రబడింది. అతను నోరు తెరిచేలోగా టీచరు దగ్గరికి వచ్చింది.

"మా ఇంట్లో పియానోకి కూడా పూశావా?"

"దానికే ముందు పూసినానమ్మా, మీ పియానో గదా అని."

ఆవిడ పియానో ముందున్న బల్ల మీద కూలబడింది. "ఆ మోత నా చెవుల్లో హోరనుకున్నాన్రా. మూడు నెలలుగా చుక్కలు వేసుకుంటున్నాను. చెవులు పోయాయని పిల్లల్ని పాఠాలకి రావద్దన్నాను."

"తప్పయిపోనాదమ్మా," అన్నాడు ఎల్లాజీ. తల ఎత్తలేకపోయాడు, ఏడుపొచ్చేసింది.

ఆవిడ మెట్టు నొక్కి, వేలు తీసి, చెవి ఒగ్గి వింది. మళ్ళీ నొక్కి వింది. హోరు లేదు. కళ్ళు తుడుచుకుని లేచింది.

"కచేరీ మిగతావాళ్ళు వింటారులే. సూది తీసుకుని మా ఇంటికి పద."