అమ్మ నోట ‘ఉండాది’

మా అమ్మ పుట్టిందీ పెరిగిందీ బెంగళూరు బళేపేట గాజుల అంగళ్ల మధ్య. ఆమె తెలుగులో సగం కన్నడం. ‘ఉంది’ అన్న మాట అందులో లేనే లేదు, అన్నీ ‘ఉండాది’లే. నేనూ అలాగే మాట్లాడేవాణ్ని, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం వచ్చేదాకా.

అక్కడ గుంటూరు వైపు నుంచి వచ్చిన సహోద్యోగులు నా మాటకు నవ్వారు, వాళ్ల తెలుగేదో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు. నెల తిరక్కుండా నా మాట మార్చుకున్నాను. ఒక ఆదివారం వాళ్లు మా ఇంటికి భోజనానికి వచ్చారు.

“పులుసు ఇంకా ఉండాది, పోసుకోండప్పా” అంది అమ్మ.

ఒకడు నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

“ఉండాది కాదమ్మా, ఉంది అనాలి” అన్నాను, అందరి ముందూ.

అమ్మ గరిటె గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లింది. తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నోరు విప్పలేదు. నాతోనూ అవసరమైనంతే. అప్పట్లో నాకది హాయిగానే అనిపించింది. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పోయిన ఏడు మా టీముకు వేల్స్ పని వచ్చింది. బ్రిటన్‌లో అదొక చిన్న దేశం. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లు ఇంగ్లీషుతో పాటు వాళ్ల వెల్ష్ భాషలోనూ ఉండి తీరాలి. ఆ వెల్ష్ సరిచూసే ఆవిడకు డెబ్బై దాటాయి. అందరికీ ఇంగ్లీషు వచ్చినప్పుడు ఈ రెండో భాష ఎందుకని ఒకరోజు ఫోన్లో విసుక్కున్నాను. ఆవిడ కోప్పడలేదు. పడుచు వయసులో స్నేహితులతో కలిసి రోడ్ల పక్క ఇంగ్లీషు బోర్డులకు రంగు పూసిందట. కోర్టులో ఇంగ్లీషులో జవాబు చెప్పనని మొండికేసి జైలుకూ వెళ్లిందట. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితే బోర్డుల మీదికీ టీవీలోకీ వెల్ష్ వచ్చింది.

“అది చూసి మీ అమ్మగారు సంతోషించి ఉంటారు” అన్నాను.

“మా అమ్మ చివరిదాకా నాతో ఇంగ్లీషే మాట్లాడింది. చిన్నప్పుడు ఆమె వెల్ష్ విని ఎవరో నవ్వారు. బోర్డులు మార్చగలిగాం గానీ, ఆమె నోరు తెరిపించలేకపోయాను.”

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆ సాయంత్రం నేను చేసింది అదే. కంచం ముందు కూర్చుని, ఎన్నో ఏళ్ల తర్వాత నా పాత మాటను నోట్లోకి తెచ్చుకున్నాను.

“అమ్మా, పులుసు ఇంకా ఉండాదా?”

అమ్మ నా మొహంలోకి చూసింది. వెక్కిరిస్తున్నానేమోనని అనుమానపడింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. అయినా గిన్నె వైపు తిరిగి, ఒక్కో అక్షరం జాగ్రత్తగా పలికింది.

“ఉం...ది.”