జపాన్ కత్తి గార్డులో నా చిటికెన వేలు

నవ్వకండర్రా. ముందు టీ తాగండి. ఈ చిటికెన వేలికి ఇంత లావు కట్టు ఎందుకుందో చెప్తాను, అప్పుడు నవ్వుదురుగాని. మొన్న ఆదివారం ఈ వేలు పోవాలా, వందల ఏళ్ల నాటి జపాన్ ఇనుము పోవాలా అన్నంత వరకూ వచ్చింది. ఆఖరికి రెండూ మిగిలినాయి. పోయింది నా పరువొక్కటే!

డెంటన్ దొర తెలుసు కదా? మెయిలు బండి డ్రైవరుగా రిటైరైన ఆంగ్లో ఇండియన్ ముసలాయన. ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. మూత తీస్తే లోపల జపాన్ కత్తుల గార్డులు, పదకొండు. గార్డంటే ఏటంటే, కత్తి పిడికీ, కోసే భాగానికీ మధ్యన తొడిగే ఇనప బిళ్ళ. అరచేతంత ఉంటుంది. మధ్యన కత్తి దూరడానికి కంత. దాని చుట్టూ ఆ జపాన్ కమ్మరోళ్లు పువ్వులు, కొంగలు, సముద్రపు అలలు, ఎంత నాజూగ్గా చెక్కినారనుకున్నారు!

యుద్ధం రోజుల్లో మన ఊరి పక్కన సాలువా వైపు అమెరికా పటాలం దిగింది కదా. బర్మా నుంచి వచ్చిన సోల్జర్లు పట్టుకొచ్చిన కత్తుల్లోంచి ఊడిపోయినవి, పారేసినవి, దొర ఒక్కొక్కటే ఏరుకుని దాచినాడట. ఏ బిళ్ళ ఎక్కడిది, ఏది అసలు, ఏది నకలు అని పద్దెనిమిదేళ్లుగా అదే ధ్యాస ఆయనకి.

మరి అందులోకి నేనెలగ దూరినానంటే, నేను రైల్వే షాపులో ఫిట్టర్ని. ఇనుముతో ఇరవై ఏళ్ల కాపురం. దొరకి కంటి చూపు తగ్గింది. ఆదివారాలు నేను వెళ్లి బిళ్ళ చేత్తో పట్టుకుని చెప్పడం, ఆయన పాత బొమ్మల పుస్తకం తిప్పించి పోల్చడం. నడి కంత అంచున చిన్న చిన్న సుత్తి గాట్లుంటే, అది నిజంగా ఏదో కత్తికి బిగించిన బిళ్ళ. తుప్పు నల్లగా, నున్నగా, వంకాయ తొక్కలా మెరిస్తే పాతది. ఎర్రగా పొడి రాలితే అనుమానం. ఇంక అన్నిటికన్నా పెద్ద పరీక్ష చప్పుడు. వేలాడదీసి గోరుతో కొడితే, సాగగొట్టిన ఇనుము గంటలా మోగుతుంది. పోత పోసిన నకలు టక్కని చచ్చిపోతుంది.

దొర, దొరసాని వచ్చే నెల ఆస్ట్రేలియా వెళ్లిపోతున్నారు. ఈ డబ్బా ఖరిదా బజార్లో పాతినప కబాడీ కొట్టు పాలవుతుందేమోనని ఆయన బెంగ. కలకత్తాలో సన్యాల్ బాబని ఒకాయన, ఇలాంటివే పోగుచేస్తాడట, చూడ్డానికి వస్తానని ఉత్తరం రాసినాడు. ఆదివారం పదకొండు గంటలకి. అసలైనవన్నీ ఒక్కచోటే భద్రంగా ఉంచుతానని మాటిచ్చినాడు.

శనివారం దొర డబ్బా నా చేతిలో పెట్టినాడు. "అప్పలరాజు, లేబుల్స్ కట్టి తీసుకురా. నీళ్లు తగలనివ్వకు. సబ్బు, చింతపండు, ఎమరీ పేపరు, నథింగ్! తుప్పు పోతే వయసు పోయినట్టే."

"ఠీక్ హై సార్" అన్నాను. అక్కడితో ఊరుకుంటే మనిషినే!

ఆదివారం పొద్దున్న ఏడింటికి పది బిళ్ళలకి లేబుళ్లు కట్టేసినాను. పదకొండోది ఎగిరే బాతుల బిళ్ళ. బాతుల రెక్కల మధ్య ఇనుమంతా తొలిచేసి ఖాళీలుంటాయి. దొరకి అదంటే ప్రాణం, రెక్క విరుగుతుందేమోనని ఎప్పుడూ గోరుతో కొట్టనివ్వలేదు. కానీ అది అసలో నకలో ఆయనే తేల్చుకోలేకపోయినాడు. పుస్తకంలో దాని ఎదురుగా ప్రశ్న గుర్తే ఉంటుంది. నేను తేల్చేస్తే? కలకత్తా బాబు ముందర "ఇది అసలుదే సార్" అంటే?

దారం పక్కనే ఉంది. దారానికి వేలాడదీసి కొట్టాలి కదా? లేదు! పెద్ద ఆఫీసర్లా చిటికెన వేలు బాతు రెక్క కింద కంతలో దూర్చి, పైకెత్తి, గోరుతో కొట్టినాను.

టిం...గ్! అబ్బ, ఏం మోత!

"ఒసే రత్నం, ఇనుకో!"

మా ఆవిడ వంటింట్లోంచి, "ఏటండది? పొద్దున్నే ఇస్కూలు గంట కొడుతున్నారు?" అంది.

"ఇది సాగగొట్టిన ఇనుమే! అసలుదే!" అంటూ, ఆ సంబరంలో బిళ్ళని వేలి చుట్టూ చక్రంలా గిర్రున తిప్పినాను. అది తిరుగుతూ తిరుగుతూ కణుపు దాటి లోపలికి జారిపోయింది.

లాగినాను. రాలేదు. తిప్పి లాగినాను. కణుపు దగ్గర చర్మం ముడతపడి అడ్డం కూర్చుంది. గట్టిగా లాగినాను. నొప్పి మోచేతి దాకా పాకింది. పది నిమిషాల్లో వేలు వాచింది.

రత్నం వచ్చి చూసి, సబ్బు తెచ్చింది.

"సబ్బొద్దు! దొర సంపేస్తాడు!"

"దొర సంపడం తరవాత మాట. ఏలు సూడండి, ఎలగ నేరేడు పండైపోతందో!"

నిజమే, కొస నల్లబడుతోంది. కొబ్బరి నూనె పోసింది. బిళ్ళ గుండ్రంగా తిరుగుతుందే గాని పైకి రాదు. పక్క క్వార్టరు మాసీమా, బెంగాలీ పెద్దావిడ, ఆవనూనె గిన్నెతో పరిగెత్తుకొచ్చి "హాత్ ఉఁచు కొరో!" అంది. చెయ్యి పైకెత్తి నిలబడినాను. అలగ నిలబడి ఉంటే, గుమ్మంలోకి మా షాపు పైడిరాజు వచ్చినాడు.

"ఏటి బావా, సిగ్నల్లాగ నిలబడినావు?"

చూపించినాను. వాడు వేలూ చూసినాడు, బిళ్ళా చూసినాడు. గబగబా ఇంటికెళ్లి ఇనుము కోసే రంపం, హాక్సా, పట్టుకొచ్చినాడు.

"రెండు నిమిషాల పని."

"దేన్ని కోస్తావురా?"

"నీ ఇష్టం. ఏది కోయమంటే అది కోస్తాను."

గడియారం చూస్తే పది కావస్తోంది. వేలికి స్పర్శ తెలీడం లేదు. బిళ్ళని కోస్తే దొర ప్రాణం కోసినట్టే. కోయకపోతే... ఫిట్టరుకి వేలు పోతే ఇంకేటి మిగుల్తుంది? "ముందు దొరకి చెప్పాలి. ఆయన వస్తువు. ఆయన చెప్పినట్టే చేద్దాం" అన్నాను. పైడిరాజు సైకిలు తొక్కుతుంటే వెనకాల కూర్చున్నాను. ఒడిలో బిస్కెట్ల డబ్బా, చేతికి తువ్వాలు, హ్యాండిలుకి వేలాడుతూ హాక్సా.

సన్యాల్ బాబు రాకముందే దొరతో చెప్పుకోవాలని నా తాపత్రయం. ఏ రోజూ టైముకి రాని ఆ కలకత్తా బండి, ఆ రోజు ముందే వచ్చేసిందండీ! వరండాలో బాబు కూర్చుని ఉన్నాడు. తెల్ల ధోతీ, లావు కళ్లద్దాలు, చేతిలో భూతద్దం. దొర మల్లె పువ్వులాంటి చొక్కా వేసుకుని పెళ్లికొడుకులా ఎదురుచూస్తున్నాడు.

డబ్బా ఇచ్చినాను. బాబు లెక్కపెట్టినాడు. పది.

"పదకొండోది? మై గీస్? నా బాతులేవి?" అన్నాడు దొర.

తువ్వాలు విప్పినాను.

దొరసాని "ఓ మై గాడ్" అని కుర్చీలో కూలబడింది. దొర ముఖం చూడలేక నేను నేలకేసి చూస్తున్నాను. తిడితే బాగుణ్ణు. తిట్టలేదు. దానికే భయమేసింది.

ఇంతలో సన్యాల్ బాబు లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. "నోడ్‌బేన్ నా!" కదలొద్దట. భూతద్దం పెట్టి చూడ్డం మొదలెట్టినాడు. చెయ్యి అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు, నన్ను వెలుతురుకేసి వంచినాడు. ఆయన చూస్తున్నది బిళ్ళనే. దానికి ఒక మనిషి తగిలించి ఉన్నాడన్న ధ్యాసే లేదు! చివరికి గోరుతో కొట్టినాడు.

టక్.

మళ్లీ కొట్టినాడు. టక్.

పెదవి విరిచినాడు. "ఎటా ఢాలాయి." పోత ఇనుము. నకలు.

దొర కళ్లు మూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ల ప్రశ్న గుర్తు అలగ కొట్టేసినట్టయింది. నెమ్మదిగా, "అయితే కోసెయ్యండి. వేలు కాపాడండి" అన్నాడు.

పైడిరాజు అప్పటికే హాక్సా పట్టుకుని రెడీ. నా చెయ్యి వరండా పిట్టగోడ మీద పెట్టించినాడు. బాతు రెక్క మీద బ్లేడు ఆనించినాడు. చల్లగా తగిలింది.

నిజం చెప్తాను. ఆ క్షణంలో నేను నోరు మూసుకుంటే చాలు. వేలు దక్కుతుంది. నకలు కోసినందుకు ఎవరూ ఏమీ అనరు. ఆ బిళ్ళ పొద్దున్న గంటలా మోగిందని తెలిసింది నాకూ, మా ఆవిడకీ మాత్రమే. వేలు దడదడా కొట్టుకుంటోంది. పైడిరాజు భుజం వెనక్కి తీసినాడు.

"ఆపురా!" అని అరిచినాను. "సార్, ఇది పోత కాదు! పొద్దున్న మోగింది! ఇప్పుడు వేలు బిగుసుకుంది కాబట్టి మోగట్లేదు! గంటని చేత్తో పట్టుకుని కొడితే మోగుతుందా?"

బాబు ఆగిపోయినాడు. నన్ను అప్పుడు మొదటిసారి మనిషిలా చూసినాడు. మళ్లీ భూతద్దం తీసి ఈసారి నడి కంత అంచు వెతికినాడు. "సుత్తి గాట్లు..." అని గొణిగినాడు. దొరసాని చేతి అద్దం అడిగి, బిళ్ళకీ నా అరచేతికీ మధ్య దూర్చి, వెనకవైపు చూసినాడు. ఆ అద్దం అంచు వాచిన వేలికి తగిలినప్పుడు నాకు నక్షత్రాలు కనిపించినాయి.

"సోయీ! సోయీ ఆఛే!"

సంతకం ఉందట! తుప్పులో కప్పడిపోయి ఇన్నాళ్లూ మా కంటపడని కమ్మరి సంతకం! బాబు దొరని కౌగిలించుకున్నాడు. దొర దొరసానిని కౌగిలించుకున్నాడు. ముగ్గురూ నవ్వుతున్నారు, ఏడుస్తున్నారు. నేను పిట్టగోడ మీద చెయ్యి పెట్టుకుని, "సార్... వేలు..." అంటున్నాను.

అందరం కలిసి ఆస్పత్రికి పరిగెత్తినాం. డ్యూటీలో మార్తమ్మ సిస్టరు ఉంది. ఆవిడ చూసి కంగారుపడలేదు. "ఉంగరాలు ఇరుక్కుని వారానికొకరు వస్తారు. ఇంత పెద్ద ఉంగరం ఇదే మొదలు" అంది. గట్టి దారం తీసి, ఒక కొస బిళ్ళ కిందనుంచి లాగి, మిగతాది వేలి చుట్టూ కణుపు మీదుగా బొంగరానికి చుట్టినట్టు బిగించి చుట్టింది. నేను సిస్టరు ప్రభువునీ, మా నూకాలమ్మనీ, ఇద్దర్నీ పిలిచినాను. అప్పుడు కింది కొస పట్టుకుని మెల్లగా విప్పుతుంటే, దారం విడిన కొద్దీ బిళ్ళ పైకి జరుగుతోంది. కణుపు మీదకొచ్చింది. ఆగింది. చర్మం చీరుకుంది. "అమ్మో!" అన్నాను.

ఊడి గచ్చు మీద పడింది. టిం...గ్! వార్డంతా మోగింది. మంచాల మీద పేషెంట్లు లేచి కూర్చున్నారు. సన్యాల్ బాబు మోకాళ్ల మీద కూర్చుని, ఆ మోత ఆగేదాకా చెయ్యి చెవికి పెట్టుకుని విన్నాడు.

పదకొండింటిలో రెండే నకళ్లు తేలినాయి. తొమ్మిదీ కలకత్తా వెళ్లినాయి, అన్నిటికన్నా పైన బాతులు. ఆస్పత్రి నుంచి వెళ్లేముందు దొర నా రెండో చెయ్యి పట్టుకుని, "నువ్వు ఊరుకుని ఉండొచ్చు కదా, అప్పలరాజు" అన్నాడు. "నాకు ఊరుకోవడం రాదు సార్" అన్నాను.

కథ అక్కడ ఆగినా బాగుణ్ణు! సోమవారం ఆస్పత్రి చీటీ పట్టుకుని షాపులో ఫోర్‌మన్ దగ్గరికెళ్లినాను. సిస్టరు ఇంగ్లీషులో కరెక్టుగానే రాసింది పాపం: గార్డు వల్ల వేలికి గాయం. అది చదివి ఫోర్‌మన్ కుర్చీలోంచి లేచిపోయినాడు.

"ఏ బండి గార్డు? మా షాపు మనిషి మీద చెయ్యి చేసుకుంటాడా! పేరు చెప్పు! ఇప్పుడే కంప్లైంటు రాస్తాను!"

షాపంతా మిషన్లు ఆపేసి చుట్టూ మూగింది. పైడిరాజు మూల నిలబడి నోట్లో గుడ్డ కుక్కుకుంటున్నాడు.

"ఆయన తప్పేమీ లేదు సార్" అన్నాను. "ఆయన మానాన ఆయన ఉన్నాడు. నేనే వెళ్లి వేలు పెట్టినాను."