ఆంటీకి చెప్పని మూడు వాక్యాలు

మా కాలేజీలో కౌన్సెలర్ గది లైబ్రరీ పక్కనే ఉండేది. పుస్తకాలు తిరిగి ఇచ్చే నెపంతో ఆ తలుపు ముందు నుంచి చాలాసార్లు నడిచాను. చివరికి లోపలికి వెళ్ళింది మాత్రం నా కోసం కాదు, నా స్నేహితురాలి కోసం.

మేమిద్దరం గల్ఫ్‌లోని బౌషర్‌లో ఒకే బిల్డింగ్‌లో పెరిగాం. రెండు కుటుంబాలూ కడప నుంచి వచ్చినవే. వాళ్ళింట్లో దక్కనీ ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. నలుగురిలో నాకు నోరు పెగలదు. నా బదులు కూడా తనే మాట్లాడేది. క్యాంటీన్‌లో నా టీ తనే చెప్పేది. హాజరు పిలిచినప్పుడు నా గొంతు వినిపించకపోతే "ఉంది మేడమ్, కనపడదంతే" అని క్లాసంతా నవ్వించేది.

అలాంటిది రెండో సంవత్సరం మధ్యలో మాట తగ్గించింది. అన్నం డబ్బా మూత తీయకుండానే ఇంటికి తీసుకెళ్ళేది. క్లాసులో తల బల్ల మీద పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు బస్సులో, కిటికీ వైపు చూస్తూ, చాలా మామూలుగా అంది:

"పొద్దున లేయకుండా పోతే బాగుండు అనిపిస్తాందే."

"జరమొచ్చిందా?" అన్నాను.

తను నవ్వింది. "నీకు పుస్తకంలో రాసింటేనే అర్థమవుతుంది ఏదైనా."

అర్థమయ్యేసరికి రెండు రోజులు పట్టింది. వెళ్ళి చెప్పే ధైర్యం లేక, చీటీ మీద రాసి కౌన్సెలర్ తలుపు కింద నుంచి లోపలికి తోశాను. ఆమె తనను పిలిపించారు. తను నాలుగుసార్లు వెళ్ళింది. నాలుగోసారి తరువాత, తను సరేనన్నాక, కౌన్సెలర్ వాళ్ళమ్మను రమ్మన్నారు.

ఆంటీ పెద్ద ప్లాస్టిక్ ఫోల్డర్‌తో, నన్ను తోడు తీసుకుని వచ్చారు. అందులో ఇంటిల్లిపాది రెసిడెంట్ కార్డులు, పాస్‌పోర్టు కాపీలు, అంకుల్ కంపెనీ కాగితాలు, చివరికి పదో తరగతి సర్టిఫికెట్ కూడా. ఇక్కడ ఎవరు పిలిచినా మావాళ్ళు అన్నీ తీసుకునే వెళ్తారు. ఏది అడుగుతారో తెలియదు కదా. కౌన్సెలర్‌కు ఇంగ్లీషు, అరబీ తప్ప రావు. ఉర్దూ వచ్చే ఉద్యోగి ఒకరున్నారు, పిలవమంటారా అని అడిగారు. ఆంటీకి చెప్పాను.

"వద్దు వద్దు. ఇంటి మాటలు బయటోళ్ళకెందుకు? నువ్వుండావు గదా పాపా, మాదానివే."

ముగ్గురూ నా వైపు చూశారు. తన తరఫున నేను మాట్లాడాల్సిరావడం అదే మొదటిసారి.

ఈ గదిలో మాట బయటికి పోదు అని కౌన్సెలర్ ముందుగా అన్నారు. అది సరిగ్గానే చెప్పాను. తరువాత ఆమె నాకు వీలుగా ఉండాలని నెమ్మదిగా మూడు వాక్యాలు అన్నారు. మీ అమ్మాయికి చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయి. ఈ వారంలోనే డాక్టరుకు చూపించాలి. అప్పటిదాకా ఒక్కదాన్నే వదలకండి.

నేను నోరు తెరిచేలోపే ఆంటీ నా చెవి దగ్గరికి వంగారు. ఆమె కళ్ళు కౌన్సెలర్ పెన్ను మీద ఉన్నాయి.

"ఏం రాస్తాంది ఆమె? ఇది కాగితం మీద ఎక్కుతాదా? వచ్చే నెల మాకు కార్డు రెన్యువల్ ఉంది. మెడికల్లో బయటపడితే అంకుల్ వీసా గూడా పోతాదంట గదా?"

కార్డు రెన్యువల్‌కు వెళ్తే రక్తం తీస్తారు, ఛాతీకి ఎక్స్‌రే తీస్తారు. మా బిల్డింగ్‌లో ఒకాయన ఎక్స్‌రే బాగా రాక వీసా పోయి ఊరికి వెళ్ళిపోయాడని విన్నప్పటి నుంచి అందరికీ జబ్బంటే దాచుకునే వస్తువైంది. మా అమ్మ దగ్గు వచ్చినా కొంగు అడ్డం పెట్టుకునేది. ఆ పరీక్షకూ ఈ గదికీ సంబంధం లేదని నాకు తెలుసు. అది చెప్పవచ్చు. ఆ మూడు వాక్యాలూ చెప్పవచ్చు. ఆమె ముఖం చూశాను.

"ఏం లేదాంటీ. శానా అలిసిపోయిందంట. రెస్ట్ కావాలంట."

"అంతేనా?"

"అంతే."

పక్క కుర్చీలో నా స్నేహితురాలు ఉంది. రెండు భాషలూ తనకు వచ్చు. కౌన్సెలర్ ఏమన్నారో, నేనేం చెప్పానో రెండూ విన్నది. తను అడ్డుపడుతుందని ఎదురుచూశాను. తను ఒకసారి నా కళ్ళలోకి చూసి, దుపట్టా అంచు సరిచేసుకోవడం మొదలుపెట్టింది. అమ్మకు అర్థమైందా అని కౌన్సెలర్ అడిగితే నేనే తల ఊపాను.

వరండాలో ఆంటీ కూతురి బుగ్గ మీద చిన్నగా కొట్టారు. "రెస్టే గదనే! మీ నానీ దగ్గర పండుకో పో కొన్ని దినాలు. దయ్యం పట్టిందేమో అనుకుంటిని."

"ఈడికి రావాలంటే దయ్యానికైనా వీసా కావాలమ్మీ," అంది తను.

ఆంటీ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

వారం తిరక్కుండానే తనను కడపలో వాళ్ళ నానీ, అంటే అమ్మమ్మ, దగ్గరికి పంపేశారు. తను రావడం మానేసిందని కౌన్సెలర్ నన్ను పిలిచారు. చెప్పినదంతా తల్లికి చెప్పావా అని అడిగితే చెప్పానన్నాను. ఆ సాయంత్రం డైరీలో పేజీని నిలువుగా రెండు చేశాను. ఎడమ వైపు ఆమె అన్నవి, కుడి వైపు నేను అన్నవి. కుడి వైపు దాదాపు ఖాళీగా ఉండిపోయింది.

ఫోన్ చేస్తే తను అంది: "నీ రెస్టే తీసుకుంటాండా. మిద్దె మీద గది ఇచ్చినారు. పాప పండుకోవాలని ఎవురూ తలుపు గూడా తీయరు."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఆ తరువాత మూడు రోజులు తను ఫోన్ ఎత్తలేదు.

నాలుగో రోజు శుక్రవారం, సెలవు. దూరాన బర్కాలో డ్యూటీ చేసే అంకుల్ కూడా ఇంట్లో ఉన్నారు. పై అంతస్తులో వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, ఆ మూడు వాక్యాలూ చెప్పాను. అంకుల్ టీవీ ఆపేశారు. ఆంటీ చేతిలో తరుగుతున్న ఉల్లిగడ్డ అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు చెప్తాండావా?" అన్నారు. "ఆ పొద్దే చెప్పింటే పంపిచ్చిందునా నేను? కార్డు గురించి అడిగితిని, భయమేసి అడిగితిని. బిడ్డ కంటే కార్డు ఎక్కువని నేను చెప్పినానా నీకు?"

చెప్పలేదు. నేనే అనుకున్నాను.

అంకుల్ అప్పటికే కడపకు ఫోన్ కలిపారు. పైకి పోయి తలుపు తీయమని ఆంటీ దక్కనీలో అరుస్తున్నారు. స్పీకర్‌లో నానీ ఆయాసం, మిద్దె మెట్లెక్కే చెప్పుల చప్పుడు, తలుపు తట్టడం. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు. "క్యా అమ్మీ?" అంది తను, నిద్రలోంచి లేచినట్టు. నన్ను ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. కిందికి వచ్చేశాను.

ఆంటీ మరుసటి రోజే కడప వెళ్ళి తనను డాక్టరుకు చూపించారు. నేను కౌన్సెలర్‌కు నిజం చెప్పాను. ఆమె తిట్టలేదు. అంత పని ఒక స్టూడెంట్ మీద పెట్టి తప్పు చేశానన్నారు. ఆ మాట నాకు ఊరట కాలేదు.

తను మళ్ళీ కాలేజీకి రాలేదు. నా మెసేజ్‌లు చూస్తుంది, జవాబివ్వదు. నెల తరువాత తిరిగొచ్చిన ఆంటీ ఒకరోజు మా ఇంటికి వచ్చి వంటింట్లో అమ్మతో చెబుతున్నారు: "మాత్రలేసుకుంటాంది. ఇప్పుడు కొంచెం తింటాంది." నేను గదిలోంచి విన్నాను. నేను లోపల ఉన్నానని ఆంటీకి తెలుసు. గొంతు తగ్గించలేదు, నన్ను పిలవనూ లేదు.