ట్రాక్టర్‌కు నీళ్లు తాపిన మా నాయిన

మా చిన్నప్పుడు మా నాయిన పొద్దున లేవగానే, తను చాయ్ తాగకముందే, ట్రాక్టర్‌కు నీళ్లు తాపేవాడు...

నవ్వకండి, నిజంగానే తాపేవాడు. పశువుల గోలెంలోంచి చెంబుతో బోరు నీళ్లు ముంచి, రేడియేటర్ మూత తీసి, అంచు దాకా పోసి, "ఇగ సాలు" అని బానెట్ మీద రెండుసార్లు తట్టేవాడు. అంతకుముందు ఆ గోలెంలో మా ఎడ్లు తాగేవి. వాటిని అమ్మి ఈ చిన్న ట్రాక్టర్ తెచ్చుకున్నాం. తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి... నేను అప్పుడు ఆరో తరగతి.

పెద్ద ట్రాక్టర్ల పక్కన నిలబెడితే మాది దూడలా ఉండేది. మా మూడెకరాల చెలకకు అదే ఎక్కువని నాయిన మురిసిపోయేవాడు.

బండి ఇచ్చిన రోజు షోరూం అతను ఒక పచ్చ నీళ్ల డబ్బా చేతికిచ్చి, రేడియేటర్‌లో ఈ కూలెంటే పోయాలి, బోరు నీళ్లు వద్దు అని గట్టిగానే చెప్పాడు. నాయిన తల ఊపాడు. ఇంటికొచ్చాక మాత్రం, "మనకే మంచినీళ్లకు దిక్కు లేదు, బండికి రంగు నీళ్లా?" అని నవ్వేశాడు. ఆ డబ్బా అయిపోయాక మళ్లీ తేలేదు. పిసినారితనం కాదు... పొద్దున్నే మూగజీవానికి నీళ్లు చూపించాలన్నది ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

మాది మర్రిగూడ వైపు, ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. మా బోరు నీళ్లు పోస్తే బిందె అడుగున తెల్లగా పేరుకునేది. గీకితే గోరు విరిగేది కానీ అది ఊడేది కాదు. నాయిన తల్లి, మా అవ్వ, ఆ నీళ్లే తాగి తాగి మోకాళ్లు వంగిపోయి గోడ పట్టుకుని నడిచేది. అందుకే తాగడానికి మాత్రం ఫిల్టర్ నీళ్లు కొనేవాళ్లం. అవి తేవడం నా పని... దారిలో ఒలికిస్తే అమ్మ చేతిలో వీపు విమానం మోతే.

మూడో ఏడు మిరుగానికి, అదే మృగశిర కార్తెకు, మంచి వాన పడింది. తెల్లారి పత్తి గింజలు పెట్టడానికి ఆడ కూలీలు వచ్చారు. ముందు ట్రాక్టర్ సాళ్లు కొడుతూ పోతే, వెనకాల వాళ్లు గింజలు పెట్టాలి. మా ఎర్ర చెలకలో పదును, అంటే గింజ మొలిచే తడి, మహా అయితే రెండు రోజులు. ఆలోపు గింజ పడకపోతే మళ్లీ వాన కోసం మొగులు చూడడమే.

సగం చెలక అయ్యిందో లేదో, బండి ముందు నుంచి ఆవిరి లేచింది. గురగురమని ఆగిపోయింది. నాయిన దూకి, కంగారులో ఆ వేడి మీదే మూత తిప్పాడు. మరిగిన నీళ్లు బుస్సున ఎగజిమ్మాయి... మోచేతి దాకా కాలిపోయింది.

నా చేతిలో కూలీల కోసం తెచ్చిన ఫిల్టర్ నీళ్ల డబ్బా ఉంది. మూత తీసి, ఆయన చేతి మీద పోద్దామని పరుగెత్తాను.

"వద్దు బిడ్డా, పారబోయకు... గవి తాగేటియి."

చెయ్యి బొబ్బలెక్కుతుంటే ఆ మాట అన్నాడు. నేనూ పోయలేదు, డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మధ్యాహ్నానికి మెకానిక్ ఖాజా చిచ్చా వచ్చాడు. రేడియేటర్ విప్పి, లోపలి గొట్టాల్లోకి సన్న తీగ పెట్టి చూశాడు. దిగలేదు.

"ఏం నీళ్లు పోసినవే అన్నా? లోపల మొత్తం సున్నం వట్టింది. నీళ్లు తిరగనీకి జాగనే లేదు, ఇంజన్ ఎట్ల సల్లవడ్తది?"

"బోరు నీళ్లే... ఒక్క రోజు తప్పకుండ పోసిన" అన్నాడు నాయిన.

"గదే అన్నా తప్పు. కొత్తది ఎయ్యాలె, తెప్పియ్యనీకి నాలుగు రోజులైతది. నేనేం జేస్త జెప్పు..."

నాయిన చేతికి గుడ్డ చుట్టుకుని ఊళ్లో ట్రాక్టర్ ఉన్న వాళ్లందరి ఇళ్లకూ తిరిగాడు. ఎవరినని ఏం లాభం? అందరి చెలకలూ ఆ ఒక్క వానకే తడిశాయి. ఎవరి ఆరాటం వాళ్లది. తిరిగొచ్చి ఖాళీ కొట్టం ముందు కూర్చున్నాడు.

నేను గంటకోసారి చెలకలోకి పోయి మట్టి పిడికిట్లో పట్టి చూసేదాన్ని. మొదటి రోజు ముద్దయింది. రెండో రోజు సాయంత్రానికి వేళ్ల సందుల్లోంచి పొడిగా రాలిపోయింది. ఎండను ఎవరాపుతారు...

అరుగు మీద పెట్టిన ఆ పాత రేడియేటర్‌ను అవ్వ తడిమి చూసింది.

"నా మోకాళ్లల్ల వట్టిందే దీనికీ వట్టింది కొడుకా... నువ్వేం జేస్తవ్, మనకున్న నీళ్లే గవి."

నాయిన చేతికి చుట్టుకున్న గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మళ్లీ వాన చాలా ఆలస్యంగా, పత్తి పెట్టే అదును దాటాక పడింది. ఆ ఏడంతా సగం చెలక పచ్చగా, సగం ఎర్రగా ఉంది. బడికి దారి దాని పక్కనుంచే... నేను తల తిప్పుకుని పోయేదాన్ని.

ఇప్పుడు ఎవరైనా కొత్త చిన్న ట్రాక్టర్‌తో ఫొటో పెడితే వెంటనే కింద రాస్తాను... కూలెంటే పోయండి, వేడి మీద మూత ముట్టకండి, దుమ్ములో దున్నిన రోజు ఎయిర్ ఫిల్టర్ దులపండి, మిరుగం రాకముందే మెకానిక్‌కు చూపించుకోండి అని. ఆడపిల్లవు, నీకేం తెలుసు అని కొందరు నవ్వుతారు. నవ్వనీ.

నాయిన కూడా ఇప్పుడు కూలెంటే పోస్తాడు. అయినా ఒక్కో పొద్దున చెంబు పట్టుకుని బండి దాకా పోయి, గుర్తొచ్చి ఆగి, ఆ నీళ్లు గోడ పక్క బంతి మొక్కకు పోసి వస్తాడు. మా ఇంట్లో నల్లా తిప్పితే ఇప్పుడు నది నీళ్లు వస్తున్నాయి...

మీ ఇంటికొచ్చిన మొదటి బండిని మీవాళ్లు ఎట్లా చూసుకున్నారో రాయండి. మా అవ్వకు చదివి వినిపిస్తాను. బండికి కొత్త రేడియేటర్ వేయించాం కానీ, అవ్వ ఇప్పుడు మంచం దిగలేదు.