గాడిద పెళ్ళిలో మగపెళ్ళివారి పెద్ద

గాడిదల పెళ్ళికి పోయానని నన్ను పార్టీలోంచి తీసేశారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, యాడికి మండలంలోని మా మెట్ట ఊళ్ళో రెండింటి కోసం ఎదురుచూస్తూ బతికేవాళ్ళం: ఒకటి వాన, రెండోది విప్లవం. మబ్బు మా నెత్తి మీదుగానే పోయి కర్ణాటకలో కురిసేది. విప్లవం ఎటు పోయేదో తెలియదు గానీ, రేపోమాపో వస్తుందని మా మండల కార్యదర్శి చెప్పేవాడు. పిల్లలకు ట్యూషన్లు చెప్పే ఆయన్ను ఊరంతా ఎర్రసార్ అనేది. నేను మూడో తరగతితో బడి మానేసి, టీకొట్లో పేపర్లూ పార్టీ పుస్తకాలూ కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. (అప్పటికే నలభై దాటినా పార్టీలో నేను కుర్రవాడి కిందే లెక్క.) సాయంత్రమైతే పార్టీ ఆఫీసనే రేకుల గదిలో బొరుగులు తింటూ, తెల్లారేసరికి ప్రపంచాన్ని మార్చేసేవాళ్ళం. ఆ బొరుగుల రుచి మళ్ళీ యాడా దొరకలేదు.

ఒక్కటే లోటు. పంట బీమా కోసం ధర్నా అంటే జనం వచ్చేవాళ్ళు కాదు. జెండా, మైకు, మేం నలుగురం. ఆ ఏడు శెనక్కాయ చేలు నిలువునా ఎండిపోతుంటే, వాన కోసం గాడిదలకు పెళ్ళి చేయాలని ఊరు తీర్మానించుకుంది. ఎర్రసార్ మండిపడ్డాడు. “పోయి ఖండించిరాప్పా” అని నన్ను పంపాడు. మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుని, దారి పొడుగునా ఉపన్యాసం వల్లెవేస్తూ పోయాను.

పెళ్ళికొడుకు గాడిద యజమాని వరసకు నాకు మామ. నేను గొంతు సవరించుకోగానే చెయ్యి పట్టుకున్నాడు.

“ఏమప్పా అల్లుడూ, మాట్లాడితే మాట్లాడుదువు గానీ, ఈడ పెళ్ళిపెద్దలు చెప్తేనే ఇంటారు. మావానికి పెద్దమనిషి లేడు. వచ్చి చాప మీద కూచో.”

ఉపన్యాసం వినిపించాలన్న ఆశ కొద్దీ కూర్చున్నాను. నొసట కుంకుమ ఎప్పుడు పడిందో, పలుపుతాడు నా చేతికెప్పుడు వచ్చిందో తెలియదు. ఆడపెళ్ళివారి ముసలామె ఎదురుగా కూర్చుని గట్టిగా అడిగింది: “మీవాడు తాగుతాడా?”

“నీళ్ళే దొరకల్యా, ఇంగ తాగేది యాడమ్మా?” అన్నాను. (ఉపన్యాసంలో ఈ వాక్యం లేదు.)

ఊరు ఊరంతా నవ్వింది. తలెత్తి చూస్తే, మా మీటింగులకు ఏనాడూ రానివాళ్ళందరూ నా నోటి కేసే చూస్తున్నారు. ఖండించాల్సిందంతా మరిచిపోయి, కట్నం కింద ఆడపెళ్ళివాళ్ళు పంట బీమా ఇప్పించాలని అడిగాను. మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులోనే బీమా సంగతంతా చెప్పేశాను. “రేపు పోదాం పట్టప్పా” అన్నాడు మామ. మర్నాడు ఊరంతా మండలాఫీసుకు నడిచింది, బాసికాలు విప్పని వధూవరులతో సహా. ఎన్నడూ గడప దాటని అధికారి బయటికొచ్చి నిలబడి విన్నాడు. వాన రాలేదు. బీమా మాత్రం తర్వాత కొంత వచ్చింది.

కానీ మండలాఫీసుకు నడిచిన పొద్దే పేపర్లో నా పెళ్ళి ఫోటో కూడా వచ్చింది, ఎర్ర తువ్వాలుతో, గాడిద పక్కన. సాయంత్రం కమిటీ కూర్చుంది.

“ఖండించమని పంపిస్తే సంబంధం కలుపుకోనొస్తివే” అన్నాడు ఎర్రసార్.

“జనం వచ్చినారు కదా సార్?”

“వాళ్ళు వచ్చింది గాడిదల ఎనకాల.”

“మన ఎనకాల ఎప్పుడొచ్చినారు సార్?”

అదే నేను చేసిన పొరపాటు. చేతులు లేచాయి. రేకుల గదిలో నా చోటు పోయింది.

కొన్నాళ్ళు కోపంతో వాళ్ళకంటే ఎర్రగా మారాను. తర్వాత ఆ కోపమూ ఆరింది. ముందు జనం మారాలి, ఆ తర్వాతే పోరాటం అని నమ్మినవాణ్ణి, ముందు వాళ్ళ పక్కన కూర్చోవాలి అనేకాడికి వచ్చాను. దేవుణ్ణి ఇప్పటికీ నమ్మను. మొక్కేవాళ్ళను చూసి నవ్వడం మాత్రం మానేశాను. కూలి గిట్టాలి, పండించినవాడు తినాలి అన్నదాంట్లో వెంట్రుకవాసి మార్పు లేదు. అయినా సాయంత్రమైతే కాళ్ళు ఆ గది వైపే లాగేవి. లోపల నవ్వులు వినిపిస్తే కాసేపు నిలబడి వచ్చేసేవాణ్ణి. ఎర్రసార్ ఎదురుపడ్డప్పుడల్లా, “సార్, నేను చేసిన తప్పేంది?” అని అడిగేవాణ్ణి. “కమిటీలో పెడతాలే” అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. కమిటీలో ఒకరు పాలకపక్షంలోకి, ఒకరు బెంగళూరుకు పోయారు. రేకుల గది సెల్‌ఫోన్ల కొట్టయింది. ఒకనాడు తాడిపత్రి బస్టాండులో ఎర్రసార్ ఒక్కడే బెంచీ మీద కనిపించాడు, నల్లద్దాలతో, కంటి ఆపరేషనై. పక్కన కూర్చుని అలవాటుగా అదే అడిగాను. పెట్టడానికి ఇంక కమిటీ లేదు. నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

“నిన్ను ఖండించేకి పంపి నేను ఆఫీసులో కూచుంటి. ఆ పొద్దు నేనూ వచ్చి ఆడపెళ్ళోళ్ళ తట్టు కూచోనింటే బాగుండేదప్పా.”