ముగ్గురి ఐసు, ఒకటే మాట

నేను ఐదో తరగతి దాటలేదు. అయినా ఈ రేవులో మొదటి ఐసు ఫ్యాక్టరీ పెట్టింది నేను. ఐసువాళ్ళ సంఘానికి పద్దెనిమిదేళ్ళు అధ్యక్షుణ్ణీ నేనే. కాని నాకంటే గట్టి మనిషి మా చెల్లెలు. మొగుడు పోయిన నెలకే అతని ఫ్యాక్టరీ నడపడం నేర్చింది. మోత విని ఏ బోల్టు వదులైందో చెప్పేస్తుంది.

మూడో ఫ్యాక్టరీ మా ఇద్దరికీ పడని బట్టతలాయనది. ఐసు కొనే చేపల పడవల కోసం ముగ్గురం కొట్టుకు చచ్చేవాళ్ళం. కాని ఒకరి యంత్రం ఆగితే మిగతా ఇద్దరూ ఆగినవాళ్ళ పడవలకు అదే ధరకు ఐసు ఇవ్వాలి, బాగుపడగానే ఆ పడవలను తిరిగి పంపేయాలి. ఈ మాట కాగితం మీద రాసి, సంతకాలు చేసి, గేట్లకు అంటించాం. దాచాల్సిన పనేముంది?

తరువాత పెద్ద కంపెనీ దిగి సగం ధరకే ఐసు పోసింది. చెల్లెలు పోటీ చట్టం ఆఫీసుకు ఫిర్యాదు పట్టుకెళ్ళింది. మా నిజాయితీకి సాక్ష్యంగా గేటు కాగితం కూడా ఊడదీసి తీసుకెళ్ళింది!

అధికారి మొదట ఆ కాగితమే చదివాడు.

"మీరు ముగ్గురూ కుమ్మక్కయ్యారమ్మా. ఇది నేరం."

"కుమ్మక్కయ్యేవాళ్ళు గేటుకు అంటిస్తారా బాబూ?"

"కంపెనీ చౌకగా అమ్మడం మాత్రం నేరం కాదు. మిమ్మల్ని మూయించడమే వాళ్ళ ఉద్దేశమని తేలాలంటే ఏళ్ళు పడుతుంది."

"అప్పటిదాకా మేం బతికుంటే కదా! పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, ఏనుగు ముందు కళ్ళు మూసుకోవడమూనా?"

ఒప్పందం రద్దు చేయమని ఉత్తర్వు వచ్చింది. చట్టమే వద్దని నేననను. మేం ముగ్గురమూ కలిసి ధర పెంచి పడవలవాళ్ళ పీక పిసికితే మమ్మల్ని పట్టుకోవలసిందే. కాని ఎవరి పీక ఎవరి చేతిలో ఉందో చూడని చట్టం ఎవరికి కాపలా?

కిందటి వారం బట్టతలాయన కంప్రెసర్ కాలిపోయింది. చేపలతో ఆయన పడవలు పదకొండు ఆగాయి. ఆ పూట ఐసు దొరక్కపోతే అవన్నీ కంపెనీ పాలే, ఇక తిరిగిరావు. ఆయన చెల్లెలి గేటు దాకా వచ్చి బయటే నిలబడ్డాడు.

"అడగడానికి నోరు రావట్లేదమ్మా."

"ఇరవయ్యేళ్ళు నన్ను తిట్టిన నోరేగా అన్నా! బండి తెచ్చావా, లేదా?"

అక్కడే ఉన్న నేను అడ్డుపడ్డాను. "ఒసేయ్, ఉత్తర్వు ఉంది. ఫ్యాక్టరీకి సీలేస్తారు!"

"ఈయన మూస్తే రేపు నేను, ఎల్లుండి నువ్వు. ఆ తర్వాత కంపెనీకి పోటీ ఎవరు అన్నయ్యా, ఆ అధికారా?"

కొక్కెం వేసి మొదటి ఐసు దిమ్మ తనే లాగింది. రెండోది నేను లాగాను, డెబ్బై ఏళ్ళ నడుముతో. పట్టపగలు, కంపెనీ లారీవాళ్ళు చూస్తుండగానే. అధికారికి రాస్తే రాసుకోనీ.