మూడు వందల మైళ్ల చుట్టుదారి

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక జనవరి నెలలో, సింగపూర్‌లో ఒక విమాన సంస్థకు సీనియర్ డిస్పాచర్‌గా ఉన్నాను. నేలమీద కూర్చుని విమానానికి దారి, ప్రయాణ సమయం, ఇంధనం లెక్కగట్టేవాడే డిస్పాచర్. ఆ లెక్క కింద అతనూ కెప్టెనూ ఇద్దరూ సంతకం పెట్టాలి.

నేనుండే సెంగ్‌కాంగ్ పేటలో మా అపార్ట్‌మెంట్ బ్లాకు పిల్లలు అమెరికా ఎంత దూరమని అడిగితే, ఏ నెలలో, ఎటు నుంచి ఎటు అని ఎదురడిగేవాణ్ణి. వాళ్లకది వేళాకోళంగా తోచేది. నిజానికి మా వృత్తిలో దూరాలు రెండు. పటం మీద కొలిచేది నేల దూరం. ఎదురుగాలిని కూడా కలుపుకొని విమానం ఎగరాల్సింది గాలి దూరం. ఎదురుగాలిలో సైకిల్ తొక్కినవాళ్లకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఆ ఉదయం అమెరికా పడమటి తీరం నుంచి సింగపూర్ వచ్చే విమానం నా వంతు. సీట్లన్నీ నిండాయి. కంప్యూటర్ పదిహేడున్నర గంటల ప్రయాణం చూపింది. అంతసేపటికి సరిపడా ఇంధనం పోస్తే బరువు పరిమితి దాటుతుంది. ఇరవై రెండు మందిని తగ్గించమని లోడ్ కంట్రోల్‌కి, అంటే ప్రయాణికుల, సామాన్ల బరువు చూసే విభాగానికి, కబురు పెట్టాను. ఆ ఇరవై రెండు మందీ మర్నాటి దాకా అక్కడే ఆగిపోవాలి.

లోడ్ కంట్రోల్‌లో పనిచేసే సరోజ మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి; అక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' అని తగిలిస్తుంది. పేర్ల జాబితా పట్టుకుని నా బల్ల దగ్గరకే వచ్చింది.

"అంకుల్, దీంట్లో వీల్‌చెయిర్ ఆంటీ ఒకరున్నారు. పోయిన వారం గూడా ఇదే గాలి గదా. అప్పుడు ఫ్లైట్ ఫుల్‌గానే వచ్చింది లా. ఏ దారిలో వచ్చిందో చూశారా?"

బరువులు చూసేవాళ్లు నాకు దారులు చెప్పడమేమిటని ఒళ్లు మండింది. నీ పని నువ్వు చూసుకోమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. ఆమెను పంపించడానికే పోయిన వారం ఫైలు తెరిచాను.

ఆ విమానం దక్షిణంగా, హవాయి వైపు మళ్లి, మూడు వందల మైళ్లు చుట్టు తిరిగి వచ్చింది. మంచి దారి వెతకమంటే కంప్యూటరే వెతుకుతుంది. ఆ ఉదయం నేను మాత్రం చేతి అలవాటుకొద్దీ, వేసవి నుంచి దాచుకున్న అతి దగ్గరి దారినే ఇచ్చి, కంప్యూటర్ దాన్ని మార్చకుండా తాళం వేశాను. అది జపాన్ పక్కగా పోతుంది. శీతకాలంలో ఎదురుగాలి భీకరంగా ఉండేదీ అక్కడే.

తాళం తీసి మళ్లీ లెక్క వేయించాను. దూరం మూడు వందల మైళ్లు పెరిగింది, సమయం నలభై నిమిషాలు తగ్గింది. ఇరవై రెండు మందికీ చోటు దొరికింది. నాకు సిగ్గేసింది. సరోజ జాబితా చింపేసి వెళ్లిపోయింది.

సవరించిన లెక్కలో కారణం రాసే గడి ఒకటుంటుంది. మేమంతా అందులో మామూలుగా 'గాలి మారింది' అని రాసేవాళ్లం. ఎవరూ ప్రశ్నించరు. ఆ రోజు గాలి మారలేదు. 'డిస్పాచర్ పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. ఆ దారి కంప్యూటర్ వెతికిందా, నేను తాళం వేసి బిగించిందా అని ముందు చూసుకున్నాకే మిగతా అంకెలు చదవడం అప్పుడు నేర్చుకున్నాను.